మా బావ మోకాళ్లూ, పటంలో గోధుమరంగు గీతలూ

ప్రస్తుతం నా ఫోనులో నూట డెబ్బై కొండలున్నాయి. అన్నీ ఉచితంగా వచ్చినవే. రాయచోటి చుట్టూ ఉన్న గుట్టలు, రాజంపేట పైనున్న అడవి, కర్నూలు వైపు నేను ఈ జన్మలో కాలు పెట్టబోని బోడికొండలు కూడా దించి పెట్టుకున్నాను. అందరి ఫోన్లలో పిల్లల ఫోటోలుంటే నా ఫోనులో వంకలూ వాగులూ ఉంటాయి. పైసా అడక్కుండా ఇంతింత కొండల్ని చేతిలో పెడుతుంటే వద్దనడానికి మనసెట్లా వస్తుంది? పెళ్లి భోజనంలో మూడోసారి లడ్డు వేసే మనిషిని కూడా నేనింత గౌరవంగా చూసి ఎరగను.

నలభై ఆరేళ్ల వయసులో డాక్టరు నన్ను నడవమన్నాడు. ఆయన ఉద్దేశం కడపలో మా వీధి చివరిదాకా అయి ఉంటుంది. నేను ఏకంగా కొండలెక్కడం మొదలుపెట్టాను. అప్పుడే ఈ పటాలు దొరికాయి. మామూలు పటంలో రోడ్లుంటాయి, ఊళ్లుంటాయి, కొండ దగ్గరకు రాగానే పచ్చరంగు పూసి ఊరుకుంటారు. ఇందులో అట్లా కాదు. సమానమైన ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గోధుమరంగు గీతలుంటాయి. ఒక్కో గీత దాటితే ఇరవై మీటర్లు ఎక్కినట్టు. ముందే ఇంట్లో దించుకుంటే కొండల్లో సిగ్నలు లేకపోయినా మనమెక్కడున్నామో ఒక చుక్క చూపిస్తూనే ఉంటుంది. మా ఆవిడకు కూడా తెలియని నా ఆచూకీ ఆ చుక్కకు తెలుసు.

పెళ్లయిన పద్నాలుగేళ్లకు మాకు పాప పుట్టింది. అంతవరకూ మా ఆవిడ మొక్కని దేవుడు రెండు జిల్లాల్లో మిగల్లేదు. చివరికి రాయచోటి అవతల ఒక కొండ మీది దేవుడు కరుణించాడని ఆమె లెక్క. పుట్టెంట్రుకలు అక్కడే తీయిస్తానని మొక్కుకుంది. పదకొండో నెల రానే వచ్చింది. పుట్టెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. తండ్రి పక్కన నిలబడి నీళ్ల చెంబు పట్టుకుంటే చాలు.

మేనమామ అంటే మా ఆవిడ అన్న, నాకు బావ. చేనేత మనిషి. ముప్పై ఐదేళ్లుగా మగ్గం గుంతలోకి కాళ్లు దించి, కింది చెక్కలు తొక్కుతూ నూలు చీరలు నేస్తున్నాడు. ఆ చీరలన్నీ పరిస్తే కడప నుంచి ఢిల్లీ దాకా నేల తగలకుండా నడిచి పోవచ్చు, తిరిగి రావడానికి కూడా సరిపోతాయి. ఆ తొక్కుడుకి మోకాళ్లు అరిగిపోయాయి. ఏటవాలు నేల మీద ఎంతసేపైనా నడవొచ్చు గానీ మెట్ల జోలికి మాత్రం పోవద్దన్నాడు డాక్టరు. ఆ కొండకేమో ఏడువందల మెట్లు, నిచ్చెన ఆనించినట్టు నిలువునా.

"డోలీ మాట్లాడుదాం లేన్నా," అంది మా ఆవిడ, వాళ్లన్న ఇంట్లో కూర్చుని.

"నన్ను బట్టలమూట మాదిరి మోసుకొచ్చినారని రేపు పాపకు చెప్పేదానికా?"

"అయితే తమ్ముని ఒళ్లో కూచోబెడదాం. వాడూ మామే గదా."

మా బావ లేచి పోయి మగ్గం ముందు కూర్చున్నాడు. చాలాసేపటి దాకా మగ్గం చప్పుడు వినబడలేదు.  

ఫోను పట్టుకుని ఆయన పక్కన చేరాను. ఆ కొండ పటం తీశాను. వెనకవైపు నుంచి శిఖరానికి వేలితో ఒక దారి గీసి, రాకెట్టు ప్రయోగించినవాడిలా ఛాతీ విరిచి కూర్చున్నాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, బట్టలో తెగిన పోగు వెతికేటప్పటిలాగా తెరను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఈడేంది, పోగులు ఇంత దట్టంగా పడినాయి?"

"అవి పోగులు కాదు బావా, ఎత్తులు." గీతల సంగతి చెప్పాను.

"అంటే దట్టంగా ఉంటే నిలువు, పల్చగా ఉంటే వాలు. అంతే గదా?"

ఆ ఒక్క ముక్క బుర్రకెక్కడానికి నేను మూడు నెలలు వీడియోలు చూశాను, ఒక నోటుబుక్కు నింపాను. ఆయనకు పావు నిమిషం పట్టింది.

"మరి నన్ను ఈ దట్టం మీద యాడికి తీసకపోతాండావప్పా? దీనికంటే మెట్లే మేలు."

"దగ్గర దారి గదా బావా."

"దగ్గిర నీకు. నా మోకాళ్లకు కాదు."

ఆయన వేలు కొండ దక్షిణం పక్కకు జారింది. అక్కడ గీతలు ఎడం ఎడంగా, ఉతికి ఉతికి వదులైన తువ్వాలులా ఉన్నాయి. వాటి మధ్యలో చుక్కలతో ఒక కాలిబాట కూడా ఉంది. కొండను సగం చుట్టి, మెల్లగా పైకి పోతుంది.

"ఆరు కిలోమీటర్లు బావా!"

"ఎంతసేపైనా నడువు అని డాక్టరు చెప్పినాడు గదా."

ఆ చుక్కల బాట గీసింది ఎవరో నాకు తెలియదు. ఎండలో మేకల వెంట నడిచిన దారిని గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చి పటంలో ఎక్కించి, పేరు కూడా రాసుకోకుండా లోకానికంతటికీ ఇచ్చేశాడు. నేను పక్కింటాయనకు నిచ్చెన ఇస్తే నెలరోజులు చెప్పుకుంటాను.

మా ఆవిడ షరతు పెట్టింది. "పది లోపల గుండు అయిపోవాల. పూజారి ఆగడు. నువ్వు లేకపోయినా పని జరుగుతాది. మా అన్న రాకుంటే మటుకు తమ్ముని ఒళ్లో కూచోబెట్టేస్తా."

మొక్కు తీర్చే రోజు తెల్లవారుజామున ఐదున్నరకే బావా నేనూ కొండ వెనక బండి దిగాం. మిగతావాళ్లు మెట్లవైపు పోయారు. పటంలో నీలంగీత ఉన్నచోట వాగు వచ్చింది. మన సీమ వాగు గనక ఇసుకే ఉంది. పటం మాత్రం మాట తప్పలేదు, వాగుందని చెప్పింది గానీ నీళ్లున్నాయని చెప్పలేదు. మా బావ గంటకోసారి ఆగి నీళ్లు తాగుతూ, మగ్గం మీద లయ తప్పనట్టే ఒకే నడక నడిచాడు. నేను ముందుకురికి, రొప్పుతూ కూర్చుని, ఆయన నన్ను దాటిపోయాక మళ్లీ లేచి ఉరికేవాణ్ని. నడక నేర్పిన గురువుని నేనేనని దారంతా చెప్పాను.

తొమ్మిదీ పదికి బాటకు అడ్డంగా బండ వచ్చింది. గోడ కట్టినట్టు నున్నగా, పట్టుకోవడానికి పగులు కూడా లేకుండా. నాకైతే అది చైనా గోడకు పెద్దన్నలా కనబడింది. పటంలో దాని జాడే లేదు. ఆ పొద్దు మొదటిసారి మా బావ రాయి మీద కూలబడి మోకాళ్లు పిసుక్కున్నాడు.

"నా భుజాలెక్కు బావా."

"నీ కడుపునే నువ్వు మోయలేకుండావు. ఫోన్ ఇటియ్యి."

"ఇది గోడను చూపించలేదు. మోసం!"

"మోసమేముండాది? రెండు గీతల మధ్య ఇరవై మీటర్లని నువ్వే చెప్తివి. ఈ బండ దాంట్లో పావు గూడా లేదు. గీత ఎట్ల పడతాది?" తెర మీద వేలు అడ్డంగా నడిపించాడు. "ఇట్లనే ఈ గీతెంబడి పోదాం. ఎక్కేది లేదు, దిగేది లేదు. ఈడ సూడు, గీతలన్నీ కొండలోపలికి మొనదేలి వంగినాయి. అంటే ఆడ వంక ఉండాది. నీళ్లు పారినకాడ బండ తెగే ఉంటాది."

తొమ్మిదిన్నర. ఆయన ముందు, నేను వెనక. తెర మీద మా చుక్క దారం మీద చీమలాగా ఆ గీతను వదలకుండా పాకింది. బండ కుడిచేతి వైపు సాగింది, సాగింది, ఒక మూలమలుపు తిరగగానే తెగింది. అవతల వంక, గులకరాళ్లు పరుచుకున్న వాలు. మా బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. అదొక్కటే ఆ రోజు ఆయన నా దగ్గర తీసుకున్న సాయం. పైనుంచి డప్పు వినబడింది.

మేము గుడి వెనక నుంచి వచ్చేసరికి పాప ఆయన తమ్ముడి ఒడిలో ఉంది. మంగలాయన తల తడిపేశాడు, కత్తి చేతిలో ఉంది.

"ఆగప్పా, ఆగు!" నేను అరిచిన అరుపు కర్నూలు దాకా పోయి ఉంటుంది.

తమ్ముడు చప్పున లేచాడు. "రాన్నా, నీ జాగా."

"ఎట్ల వచ్చినావన్నా?" అంటూ మా ఆవిడ ముందు వంగి ఆయన మోకాళ్లు తడిమింది. తరవాత నావైపు తిరిగి, "చెంబు పట్టుకో," అంది.

మా బావ అరుగు అంచున, మగ్గం దగ్గర కూర్చున్నట్టే కాళ్లు కిందికి వదిలి కూర్చున్నాడు. పాపను ఒడిలోకి తీసుకుని గడ్డం కింద చెయ్యి పెట్టాడు. కత్తి తొలిసారి నడవగానే వెంట్రుకలు ఆయన పంచె మీద రాలాయి. పాప కొండ అదిరేలా ఏడ్చింది. ఆయన కదల్లేదు.

దిగడం కూడా ఆ వెనకదారినే, మరింత నిదానంగా. ఇంటికొచ్చాక, గంధం పూసిన గుండుతో పాప నిద్రపోతుంటే, ఆ పటంలో బండ ఉన్నచోట ఒక గుర్తు పెట్టడం మొదలుపెట్టాను. ఎవరైనా ఉచితంగా చేర్చొచ్చు. 'ఇచ్చట ఆకాశమంటు మహా శిలాకుడ్యము యాత్రికుని' అని రాస్తుండగా మా బావ తొంగిచూశాడు.

"ఎంత ఎత్తుండాదప్పా అది?"

"నువ్వూ చూశావు గదా బావా, ఎంత భయంకరంగా..."

"రెండాళ్ల ఎత్తు. అంతమటుకే రాయప్పా. నీ కతలు ఇంట్లో చెప్పుకో. దీన్ని నమ్మి ఎవురో కాళ్లు నొచ్చేవాళ్లు నడుస్తారు."

మొత్తం చెరిపేసి మళ్లీ రాశాను. 'రెండాళ్ల ఎత్తు బండ. ఎక్కలేరు. కుడివైపుకి ఇదే ఎత్తులో నడిస్తే వంక వస్తుంది. అక్కడ ఎక్కొచ్చు.' నా జీవితంలో నేను రాసిన అతి చిన్న రచన అదే. ఆయన చదివి, చివర 'మెల్లగా' అని కలపమన్నాడు. కలిపాను.