ఇరవై నాలుగు బండలు

డిప్లొమా కాగితం ఇంకా మడత పడని ఆ రోజుల్లో నాకు మట్టి గురించి తెలియనిదంటూ లేదు. వ్యవసాయ పాలిటెక్నిక్ ముగించి, వనపర్తి నుంచి గోపాల్‌పేట పోయే దారిలో ఒక నర్సరీలో చేరాను. పాన్‌గల్ నుంచి రోజూ స్కూటీ మీద వచ్చేదాన్ని. నర్సరీ నడిపేది డెబ్బై ఏళ్ల పెద్దాయన. అందరూ చాచా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. మామిడి అంట్లు, గులాబీలు అమ్ముకుని బతికేవాడు గానీ ఆయన ప్రాణమంతా బోన్సాయ్ మొక్కల మీదే. నాకన్నా వయసులో పెద్దదైన చింతచెట్టును పళ్లెమంత కుండీలో నిలబెట్టిన మనిషి (అది పూత కూడా పూసేది). దాన్ని చూసినప్పుడల్లా పని ఆపి నిలబడిపోయేదాన్ని. అయినా, ఈయనకు శాస్త్రం తెలియదు కదా అని లోపల ఒక గొంతు అంటూనే ఉండేది.

దసరా వెళ్లిపోయి, పొద్దుటి గాలి చల్లబడుతోంది. మూడేళ్ల కిందట గింజ వేసి పెంచిన ఇరవై నాలుగు చింత మొక్కల్ని కుండీల్లోంచి తీసి నేలలో నాటాలి. కుండీలోనే ఉంచితే బోన్సాయ్ మొదలు పుల్లలాగే ఉండిపోతుంది. రెండేళ్లు నేలలో పెరిగితే బలుస్తుంది, అప్పుడు మళ్లీ కుండీకి ఎక్కించవచ్చు. అయితే చలి ముదరకముందే నాటాలి, లేకపోతే వేళ్లు కుదురుకోవు. సరిగ్గా ఆ పని మొదలుపెట్టే రోజునే గద్వాలలో చాచా కూతురికి నొప్పులు మొదలయ్యాయని ఫోన్ వచ్చింది. ఆయన బస్సుకు పోతూ పోతూ నాతో అన్నాడు.

"గుంతలు తయారున్నయి బిడ్డా. మొక్క పెట్టి మన్ను కప్పు, గంతే. ఇంకేం చెయ్యకు."

చివరి మాట నా చెవికి ఎక్కలేదు. మొదటి గుంతలో మట్టి గుల్ల చేద్దామని వేళ్లు పెడితే జానెడు లోతులో పలకలాంటి షాబాద్ బండ ముక్క తగిలింది. తీసి పక్కన పెట్టాను. రెండో గుంతలోనూ ఉంది. మూడోదాంట్లోనూ ఉంది. ఇరవై నాలుగు గుంతల్లో, ఒకే లోతున, ఒకే కొలత బండలు బోర్లా పడుకుని ఉంటే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు అనుమానం రాలేదు, జాలి వచ్చింది. పాపం ముసలాయన, కళ్లు ఆనక రాళ్లున్న నేలలోనే గుంతలు తీయించుకున్నాడు అనుకున్నాను. సాయంత్రానికి మొక్కలన్నీ నాటి, నీళ్లు పోసి, వరస ఫోటో తీసి పంపాను. బదులుగా ఎర్రగా ముడుచుకున్న మనవరాలి ఫోటో వచ్చింది.

మూడో రోజు చాచా మిఠాయి డబ్బాతో దిగాడు. గేటు పక్కన నేను ముచ్చటగా పేర్చిన బండల దగ్గర ఆగిపోయాడు.

"ఇవెక్కడియి బిడ్డా?"

"గుంతలల్ల ఉండె చాచా. మీరు చూస్కోలేదు. అన్నీ తీసేసిన."

ముందు మిఠాయి తినమన్నాడు. నేను తినేదాకా ఆగి, మడి గట్టున కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. ఆ బండలు పెట్టింది ఆయనే. మొక్క కింద బండ ఉంటే వేరు దిగలేక చుట్టూ పారుతుందట. పెద్ద చెట్టు కళ తెచ్చేది అలా పారిన వేళ్లేనట.

"అడ్డం లేకుంటే చింత వేరు పాతాళం దాక పోతది. మళ్ల పైకి తియ్యాల్నంటే నీతోని కాదు, నాతోని కాదు."

మూడేళ్ల కష్టం నా చేతుల్లో పాడైందని అర్థమైంది. రేపటి నుంచి రావద్దంటాడని తల దించుకున్నాను. ఆయన ఒక బండ తీసి, తిప్పి చూసి, లుంగీ అంచుతో తుడిచాడు.

"ఒక్కటి గూడ పలగకుంట తీసినవ్. చెయ్యి మంచిదే నీది. వేరింక కిందికి దిగలే, రేపు మళ్ల నాటుదం."

రెండు రోజులు ఇద్దరం మోకాళ్ల మీదే ఉన్నాం. పసిబిడ్డ తలకింద చెయ్యి వేసినట్టు ఆయన ఒక్కో మొక్కను ఎత్తేవాడు. నేను వేళ్లను విడదీసి బండ మీద పరిచేదాన్ని. చదువుకున్న రెండేళ్లలో వేరును అంత దగ్గరగా చూసింది లేదు (పరీక్షలో బొమ్మ మాత్రం బాగా గీశాను). ఆ చలికాలమంతా నర్సరీకి రాగానే హెల్మెట్ తీయకుండానే ఆ మడి దగ్గరికి పరుగెత్తేదాన్ని. రెండు మొక్కలు చనిపోయాయి. చాచా వాటి ఊసే ఎత్తలేదు. మిగతావి ఆకు రాల్చి భయపెట్టి, ఎండలు మొదలవుతుండగా చిగురు వేశాయి.

రెండేళ్ల తర్వాత వాటిని పైకి తీసిన రోజు నాగర్‌కర్నూల్ నుంచి ఒక మొక్కల పిచ్చి ఉన్న లాయరు వచ్చాడు. నాలుగు పక్కలా పరుచుకున్న వేళ్లను చూసి కూర్చుండిపోయి, ఇంత పొందికగా నాటిందెవరని అడిగాడు. చాచా నా వైపు చెయ్యి చూపించాడు.

"ఈ బిడ్డనే. రెండుసార్లు నాటింది."

ఆయన ముఖంలో వెటకారం ఉందేమోనని వెతికాను, కనిపించలేదు. అందుకే దాన్ని మెప్పుగానే తీసుకున్నాను. ఆ వయసులో అంతకుమించి తెలివి లేదు. ఇప్పుడు కాస్త వచ్చినా, ఆ మెప్పును తిరిగి ఇవ్వబుద్ధి కావడం లేదు.