అవ్వ పాటలో మూడో చరణం

దయ్యాలు, ఆత్మలు అంటూ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇది చదివాక నన్నూ ఆ జట్టులో కలిపితే ఊరుకోను. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

మాది జగిత్యాల వైపు. ఖతార్‌లో షట్టరింగ్ కార్పెంటర్‌గా పనిచేశాను. చమురు ధర పైకి పోయి, దోహాలో ఎటు చూసినా క్రేన్లే కనిపించిన రోజులవి. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్‌లో మా గదిలో ఎనిమిది మందిమి. ఊరి నుంచి ఎవరొచ్చినా నేను అడిగేది ఒకటే, కొత్తగా వచ్చిన జానపద పాటల క్యాసెట్లు. పచ్చళ్ళ కంటే ముందు వాటికోసమే సంచి వెతికేవాణ్ణి.

దానికి గదిలో ఒక పద్ధతి ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం తిన్నాక అందరి ముందే కవరు చింపాలి. ముందే ఎవరో విన్నారన్న గొడవ రాకుండా పెట్టుకున్న కట్టు.

ఆ శుక్రవారం రాజన్న తెచ్చిన క్యాసెట్ కవరు నేనే చింపాను. రాజన్నది మా ఊరే, మా వాడకట్టే. సెలవు మీద వెళ్ళి అప్పుడే తిరిగొచ్చాడు. అట్ట మీద నల్లకళ్ళద్దాల మనిషి బొమ్మ, కింద 'రచన, గానం' అని అతని పేరు. మూడో పాట మొదలవగానే చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

బొంబాయి బండెక్కి పోయినోడా
నీ బువ్వ సల్లారె రాకపోతివి

అది మా అవ్వ కట్టిన పాట. మా వైపు అమ్మను అవ్వ అంటాం. నాయన బొంబాయి మిల్లుకు పోయిన ఏడు, నాట్లు వేస్తూ కట్టింది. ఆమె అందుకుంటే మడిలో ఉన్న ఆడవాళ్ళంతా వెనక పాడేవాళ్ళు. నాటు పాటకు పేరు రాసుకోవడం మావాళ్ళకు తెలియదు. పట్నం నుంచి ఒకాయన టేపు రికార్డర్‌తో వచ్చి పాడించుకుని పోయాడని అక్క ఒకసారి ఫోన్‌లో చెప్పింది. అవ్వ సంబరపడి అతనికి అన్నం కూడా పెట్టిందట. ఆమె అన్నం తిని, ఆమె పాటకు తన పేరు పెట్టుకున్నాడు. సిగ్గు లేకపోతే సరి.

అవ్వ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆఖరి చూపుకు కంపెనీ నన్ను పంపలేదు. వాళ్ళ దగ్గరే పెట్టుకున్న పాస్‌పోర్ట్ అడిగితే క్యాంప్ బాస్ తల కూడా ఎత్తకుండా "మాఫీ" అన్నాడు, అరబ్బీలో లేదు పొమ్మని. ఆ మంటకు ఈ మంట తోడైంది. ఎంతవరకు దోచాడో చూద్దామని టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను.

ఆ పాటకు ఉన్నవి రెండే చరణాలు. రెండోది అయ్యాక డప్పు ఆగింది. చిన్న దగ్గు వినపడింది. తర్వాత ఒక ఆడగొంతు, వాయిద్యాలేమీ లేకుండా, మూడో చరణం పాడింది. అందులో బొంబాయి లేదు, దుబాయ్ ఉంది. ఖతార్‌ను అవ్వ చివరిదాకా దుబాయ్ అనే అన్నది. అందులో ఎదురుచూసేది మొగుడి కోసం కాదు, కొడుకు కోసం. ఇంట్లో మాత్రమే పిలిచే నా ముద్దుపేరు కూడా ఉంది.

రాజన్న లేచి టేపు దగ్గరికి వచ్చాడు.

"మీ అవ్వ గొంతే గదరా," అన్నాడు రాజన్న.

మళ్ళీ తిప్పితే లేదు. రెండో చరణం కాగానే నాలుగో పాట వచ్చేసింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. ఇంటికి మాటలు పంపడానికి మేము పాత క్యాసెట్ల అంచున ఉండే చిల్లులకు కాగితం అంటించి, పాటల మీదే రికార్డ్ చేసేవాళ్ళం. అందుకే ముందు వాటినే చూశాను. ఏమీ అంటించి లేదు, అంటే దాని మీద ఎవరూ ఏమీ రికార్డ్ చేయలేదు. పట్టపగలు, గదిలో తాగినవాడు ఒక్కడూ లేడు.

మర్నాడు అక్కకు ఫోన్ చేసి, అవ్వ పాటకు మూడో చరణం ఉందా అని మాత్రం అడిగాను. అక్క మెల్లగా పాడింది, అక్షరం పొల్లుపోకుండా అదే.

"పాణం పోయే ముందుగాల మంచంల పండుకొని కట్టింది. ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న. నీకెవలు చెప్పిండ్రు?" అంది. ఆ టేపు రికార్డర్ మనిషి వచ్చిపోయింది అంతకు రెండేళ్ళ ముందు.

క్యాసెట్ కంపెనీకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఆ తర్వాత ఆ పాట ఇంకో మూడు సార్లు కొత్తగా వచ్చింది, ప్రతిసారీ వేరే పేరుతో. అవ్వ పేరు ఒక్కదాని మీదా లేదు. కొత్త జానపదం ఏది విడుదలైనా ఇప్పటికీ ముందు పేర్లే చూస్తాను, చూసి తిట్టుకుంటాను.

ఆ గొంతు ఆ టేపులోకి ఎలా వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిసినవాళ్ళు చెబితే వింటాను. మూడో చరణం మాత్రం ఆ పాటకు తమ పేర్లు పెట్టుకున్నవాళ్ళెవరికీ దొరకలేదు. నాకూ అక్కకూ వచ్చు. దాన్ని ఇక్కడ రాయలేదని మీరు గమనించే ఉంటారు. రాస్తే, రేపు దాని కింద ఇంకెవడి పేరో ఉంటుంది.