నిండని ఆటో, నాకు దక్కని శభాష్

మాకు సి లాంగ్వేజ్ చెప్పిన సార్ పోయారు. మునగాలలో, సొంతింట్లో, నిద్రలోనే. ఆ కబురు నాకంటే ముందు నాతో చదివిన మిర్యాలగూడ మిత్రుడికి తెలిసింది. పాఠకులు క్షమించాలి, దుఃఖం కంటే ముందు నాకు కుళ్ళొచ్చింది. సార్ విషయంలో ఏదైనా ముందు వాడికే.

సూర్యాపేట కాలేజీలో అది మా మొదటి ల్యాబ్. అక్షరాలను తెరకు పంపే ప్రింట్‌ఎఫ్‌తో 'నమస్తే' అని రాసి, దాని కింద ఎప్పటికీ ఆగని లూప్ ఒకటి పెట్టాను, తెలియకే. తెర మీద నమస్తే లేదు, ఏమీ లేదు.

"సార్, కంప్యూటర్ ఖరాబైంది!" అని క్లాసంతా వినేలా ప్రకటించాను.

సార్ తిట్టలేదు. అందరినీ గేటు బయట షేర్ ఆటోల దగ్గరికి నడిపించారు.

"గా ఆటోల నలుగురు కూసున్నరు. ఎందుకు పోతలేదు?"

"నిండలే కద సార్," అన్నాను.

"నీ నమస్తే గూడ గట్లనే ఎక్కి కూసున్నది. బఫర్ అంటే గదే. నిండితే పోతది. చివర న్యూలైన్ పెట్టినవనుకో, ఇగ చాలు పదమని డ్రైవర్‌కు చెప్పినట్టు. ఎవరన్న బండి మొత్తం మాట్లాడుకుంటే ఖాళీగనే పోతది సూడు, అది ఎఫ్‌ఫ్లష్."

నేను తలూపేలోపే మిర్యాలగూడోడు అందుకున్నాడు. "సార్, మరి నిండకముందే ఆటో బోల్తా కొడితే?"

"ప్రోగ్రాం కూలిందనుకో, లోపలున్న అక్షరాలు ఇగ తెర మొహం సూడయి. శభాష్ బిడ్డా!"

వాడి వీపు మీద సార్ చెయ్యి సుద్దతో అచ్చుపడింది. ఆ అచ్చు కోసం నాలుగేళ్ళు నేను అడగని ప్రశ్న లేదు, వెయ్యని జోకు లేదు. "జోకు మంచిగున్నది, కోడ్ సూపియ్," అనేవారు. అంతే.

సాయంత్రాలు సార్ ఆటోలోనే ఇంటికి వెళ్ళేవారు. వెనక సీట్లు ఆడవాళ్ళకు వదిలి, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని డ్రైవర్ పక్కన ఒరిగి కూర్చునేవారు.

అంత్యక్రియలయ్యాక మునగాల హైవే మీద నేనూ మిర్యాలగూడోడూ ఆటో ఎక్కాం. వాడు ఉన్నట్టుండి అన్నాడు, "నువ్వంటే నాకు మస్తు కుళ్ళు రా."

"నేనంటేనా?"

"మా చెల్లె గిప్పుడు మన కాలేజీలనే ఫస్టియర్. సార్ ఆళ్ళను గూడ గేటు కాడికి తీస్కపోయిండట. 'ఒక పిలగాడు కంప్యూటర్ ఖరాబైందన్నడు, ఆడు అనకుంటే ఈ పాఠం నాకు తట్టకపోవు' అన్నడట. ప్రతి బ్యాచ్‌కు నీ ముచ్చటనే. నా ప్రశ్న ఊసే లేదు."

ఏదో జోకు వేయబోయాను. దాన్ని వదిలేసి, "సార్ ఏమన్నడట, మళ్ళొకసారి చెప్పు," అన్నాను.

డ్రైవర్ కోదాడ మనిషి. "ఇంకొక్కళ్ళు వస్తే బయల్దేరదామండీ," అన్నాడు. వెనకంతా నిండింది, మిగిలింది అతని పక్కన, సార్ కూర్చునే సీటే. పోనివ్వమని మేమిద్దరమూ అనలేదు. అతను తువ్వాలుతో ఆ సీటు దులిపి, మళ్ళీ రోడ్డు వైపు చూశాడు.