తల్లి కర్మకు కొట్టించిన గుండు

ఈ పొద్దు టీలో సక్కెర తక్కువ, అల్లం ఎక్కువ. అప్పుడే తిక్క రేగింది నాకు.

తిరుచానూరులో పూలమ్మే మునెమ్మను ఎవరో సంపేసి నెలయింది. సంపినోడు ఇంకా దొరకలేదు. టీ అంగడి కాడ రాజగోపాలు మాత్రం తేల్చేసినాడు.

"కొడుకే సంపినాడు తాతా. పాపం పోవాలని కొండకు పోయి గుండు కొట్టించుకున్నాడు, సూడలేదా?"

"ఒరే, అది తల్లి కర్మకు కొట్టించుకున్న గుండురా! తల్లి పోయినోడు ఏడాది దాకా కొండకు పోతాడా?"

"ఏమో, అందరూ అంటా ఉండారు."

ఆ అందరి మాటకే, తల్లి బదులు పూలమ్ముతున్న ఆ పిల్లోడి కాడ మూర పూలు కొనేవాళ్ళు లేరు. ఒళ్ళు మండిపోయింది నాకు.

"నువ్వు కళ్ళారా సూసినావని స్టేషన్లో నీ పేరు రాయించినాను, రేపు సాక్ష్యానికి పిలస్తారు" అన్నాను. టీ వదిలేసి పరిగెత్తినాడు.

మీ వీధిలో ఇట్లాంటోళ్ళు ఎంతమంది ఉండారో సెప్పండబ్బా. నేనైతే స్టేషన్ మెట్టు కూడా ఎక్కలేదు.