థైరాయిడ్ మాత్రలు, దద్దుర్లు, నా సొంత వైద్యం

ఆఫీసులో ఏసీ చలికి అందరూ స్వెటర్లు వేసుకుని కూర్చుంటే నాకొక్కదానికే చెమటలు పట్టాయి. ఏదో తేడాగా ఉందని నాకు మొదట అనిపించింది ఆ రోజే. అప్పటికి ఫిబ్రవరి నెల ఇంకా పూర్తి కాలేదు.

నేను మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనాల్లో ఒకదానిలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పని చేస్తాను. ఈ పని గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక, చూసిందంతా రికార్డరులో చెబుతారు. ఆ గొంతు మా కంప్యూటర్లకి వస్తుంది. మేం హెడ్‌ఫోన్ పెట్టుకుని, విన్నది విన్నట్టు టైపు చేసి తిరిగి పంపాలి. కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది.

ఆ రోజు నాకు డాక్టరుగారి గొంతు ముక్కలు ముక్కలుగా వినబడింది. పెడల్ పాడైందని గొడవపెట్టి మార్పించాను. కొత్తదీ అంతే. దాన్నీ మార్చమన్నాను. మెషిన్లు చూసే ఆయన బల్ల కింద కూర్చుని కాసేపు చూసి, "పెడల్ బాగానే ఉంది మేడం. మీ కాలే వణుకుతోంది" అన్నాడు. ఆయన మీద మండిపడ్డాను. ఆ రోజుల్లో నాకు అందరి మీదా కోపం వచ్చేది. జబ్బులో అదీ ఒక భాగమని తర్వాత తెలిసింది. అయితే నా కోపం మొత్తాన్నీ జబ్బు ఖాతాలో వేయడానికి మా ఆయన ఒప్పుకోరు.

మేం లింగంపల్లిలో ఒక పోర్షన్ అద్దెకి తీసుకుని ఉంటున్నాం. మా ఆయన ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. మాది కాకినాడ వైపు. ఇంటి ఓనరు అనసూయమ్మగారిది మెదక్ వైపు. నేను రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. ఆఫీసులో అందరూ "ఏం డైటింగ్ చేస్తున్నావు" అని అడుగుతుంటే ముసిముసిగా నవ్వుకునేదాన్ని. అనసూయమ్మగారు మాత్రం మెచ్చుకోలేదు.

"ఏంది పద్మమ్మా, మనిషివి మంచిగనే తింటున్నవ్, గిట్ల బక్కగయితున్నవ్. నాకైతే మంచిగ అనిపిస్తలేదు. జర దవాఖానకు పోరాదు" అంది.

నేను పోలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం పడుకుని ఉంటే, నా గుండె కొట్టుకోవడం పక్కనున్న మా ఆయనకి మంచం కదలికలో తెలిసింది. మర్నాడు ఆయనే సెలవు పెట్టి తీసుకెళ్ళారు. పల్స్ నూట ఇరవై. టీ త్రీ, టీ ఫోర్, టీఎస్‌హెచ్ పరీక్షలు రాశారు. రిపోర్టు చూసి ఎండోక్రైనాలజిస్టు, అంటే గ్రంథుల డాక్టరు, దగ్గరికి పంపారు.

ఆవిడ పెద్దావిడ. నింపాదిగా మాట్లాడతారు. నా మెడ తడిమి చూసి, స్కాన్ చేయించి, "హైపర్ థైరాయిడ్ అమ్మా. నీ గ్రంథి ఉండాల్సినదాని కన్నా ఎక్కువ పని చేస్తోంది. ఒకటిన్నర సంవత్సరం దాకా మాత్రలు వాడాలి" అన్నారు. గ్రంథిని అదుపు చేయడానికి కార్బిమజోల్, గుండె దడకి ప్రొప్రనలాల్ రాశారు. రాస్తూనే ఇంకో మాట చెప్పారు.

"జ్వరం వచ్చినా, గొంతు నొప్పి వచ్చినా, నోట్లో పుళ్ళు లేచినా కార్బిమజోల్ ఆపేసి ఆ రోజే బ్లడ్ కౌంట్ చేయించు. ఈ మందుకి అరుదుగా తెల్లకణాలు పడిపోతాయి. ఒంటి మీద దురద, దద్దుర్లు వస్తే నాకు ఫోన్ చెయ్యి. ఏం చెయ్యాలో నేను చెబుతాను."

బుద్ధిగా తలూపాను.

మాత్రలు మొదలుపెట్టిన పది రోజులకే కాలు వణకడం తగ్గింది. మూడో వారంలో దురద మొదలైంది. ముందు ముంజేతుల మీద, తర్వాత పొట్ట మీద, తొడల మీద. గోకిన చోటల్లా ఎర్రగా దద్దురు లేచేది. సెవెన్ సీటర్ ఆటోలో మాదాపూర్ వెళ్ళే దారిలో ఆపుకోలేక గోక్కుంటుంటే పక్కనున్నావిడ చీర కొంగు లాక్కుని దూరంగా జరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచి ఎండాకాలంలో పొడుగు చేతుల జాకెట్లు వేసుకుని తిరిగాను. చెమటకి దురద రెట్టింపయింది.

అనసూయమ్మగారు వేపాకు వేసి కాచిన నీళ్ళు పంపింది. మందుల షాపులో అడిగితే ఏదో ఆయింట్‌మెంట్ చేతిలో పెట్టారు. మా ఆయన మాత్రం ఒకటే పాట.

"డాక్టరుగారు ఫోన్ చెయ్యమన్నారు కదా పద్మా. చేద్దాం."

"ఫోన్ చేసి ఏం చెబుతామండీ? గోక్కుంటున్నామనా? ఆవిడకి వేరే పని లేదా?"

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. నేను అప్పటికి ఎనిమిది నెలలుగా డాక్టర్ల గొంతులే వింటున్నాను. మా ఆఫీసులో అందరం సగం డాక్టర్లమే. ఎవరైనా తల పట్టుకుంటే చాలు, చుట్టూ నలుగురం నాలుగు జబ్బుల పేర్లు చెప్పేవాళ్ళం.

సరిగ్గా ఆ వారమే నాకొక ఫైలు వచ్చింది. ఎవరో అమెరికా ఆవిడ. పేరు, ఊరు బయట చెప్పకూడదు, నాకు గుర్తు కూడా లేవు. ఆవిడకీ నా జబ్బే. మెథిమజోల్ అనే మందు మొదలుపెట్టాక ఒంటి మీదా, చేతుల మీదా ర్యాష్ వచ్చిందని డాక్టరు చెబుతున్నారు. నేను కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను. "మెథిమజోల్ వాజ్ డిస్కంటిన్యూడ్" అన్నారు. అక్కడితో నా ముక్క అయిపోయింది.

ముక్క అని ఎందుకన్నానంటే, ఫైలు పెద్దదైతే మా దగ్గర రెండు మూడు ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తారు. అమెరికా డాక్టర్లకి తెల్లారేసరికి టైపు చేసింది చేరాలి. అందుకని ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు పూర్తి చేస్తారు. ఎవరి ముక్క వాళ్ళు చేసి పక్కన పెట్టేయడమే.

ఆఫీసులో మందుల పేర్లు సరిచూసుకోవడానికి లావుపాటి పుస్తకం ఒకటుంది. అది తిరగేశాను. నేను వేసుకునే కార్బిమజోల్ ఒంట్లోకి వెళ్ళాక మెథిమజోల్‌గా మారుతుందట. ఇంకేముంది, కేసు తేలిపోయింది. నాది మందు అలర్జీ, మందు ఆపేయాలి. ఇంటికెళ్ళి మాత్రలు బీరువాలో పడేశాను. దేనివల్ల దద్దుర్లో ఎందుకొచ్చిన అనుమానమని గుండె దడ మాత్ర కూడా ఆపేశాను. మా ఆయన అడిగితే, "డాక్టరే ఆపమన్నారండీ" అన్నాను. ఏ డాక్టరో చెప్పలేదు.

ఐదు రోజుల్లో దురద పోయింది. ఒళ్ళు నున్నగా అయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. అనసూయమ్మగారితో, "కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయ్యేదండీ, సమయానికి మానేశాను కాబట్టి సరిపోయింది" అని గొప్పలు పోయాను.

"ఏమో పద్మమ్మా. మందు బంద్ జేస్తే దురద బంద్ అయింది, మంచిదే. మరి రోగం సంగతేంది?" అంది ఆవిడ.

ఆవిడకేం తెలుసులే అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

మాత్రలు మానేసిన ఐదో వారంలో ఒక ఉదయం ఆఫీసులో లిఫ్టు పనిచేయలేదు. మెట్లెక్కాను. రెండో అంతస్తు దగ్గర గుండె గొంతులోకి వచ్చినట్టయింది. మెట్టు మీద కూలబడ్డాను. నీళ్ళ సీసా మూత తిప్పుదామంటే వేళ్ళు నా మాట వినలేదు. నా పక్క సీట్లో పనిచేసే విజయ వెనకే వస్తూ చూసింది. ఆ అమ్మాయే మా ఆయనకి ఫోన్ చేసి, ఆటోలో నన్ను డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. దారిలో నాకు ఒకటే భయం, ఇంక ఇల్లు చూడనేమోనని.

పల్స్ నూట నలభై ఎనిమిది. మా ఆయన అప్పుడే పరుగున వచ్చారు.

"మాత్రలు వేసుకుంటోందా?" అని అడిగారు డాక్టరుగారు.

"మీరే ఆపమన్నారు కదా మేడం" అన్నారు మా ఆయన.

డాక్టరుగారు నా వంక చూశారు. మా ఆయన కూడా చూశారు. అబద్ధం చెప్పే ఓపిక లేదు. ఫైలు సంగతి, పుస్తకం సంగతి, బీరువా సంగతి అన్నీ చెప్పేశాను. ఆవిడ అరుస్తారనుకున్నాను. అరవలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"చూడమ్మా, ఈ జబ్బుకి మన దగ్గరున్న మాత్రలు రెండే రకాలు. ఒకటి నువ్వు మానేసింది. రెండోది లివర్‌ని కనిపెట్టుకుంటూ వాడాలి. ఆ రెండూ పడకపోతే రేడియో అయోడిన్ ఇచ్చి గ్రంథిని మాడ్చేయడం, లేదంటే మెడకి ఆపరేషన్. గుండె ఇలా కొట్టుకుంటుంటే ఆపరేషనూ చెయ్యలేం. ఉన్న రెండు దార్లలో ఒకదాన్ని నువ్వే మూసేసుకున్నావు. అది నిజంగా నీకు పడదో, కాస్త దురదపెట్టి సర్దుకునేదో చూసే వీలు నాకివ్వలేదు."

మెడ ఆపరేషన్ అనగానే నాకు ఏడుపొచ్చింది. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. గుండె దడ మాత్ర వెంటనే మొదలుపెట్టారు. తర్వాత ఆవిడ ఒక్కొక్కటే అడిగారు. దద్దుర్లు వచ్చినప్పుడు పెదాలు వాచాయా? ఊపిరి అందలేదా? జ్వరం వచ్చిందా? కీళ్ళు నొప్పులా? చర్మం పొక్కి ఊడిందా? అన్నిటికీ లేదన్నాను. బ్లడ్ కౌంట్, లివర్ పరీక్షలు బాగున్నాయి.

"అయితే అది చిన్న రియాక్షనే అనుకుంటున్నాను. దురదకి సెట్రిజిన్ ఇస్తూ అదే మందు తక్కువ డోసులో నా కళ్ళ ముందే మళ్ళీ మొదలుపెడదాం. తగ్గిందా, ఈ మందు నీకు దక్కినట్టే. పెరిగిందా, ఆపి రెండోదానికి వెళ్దాం. ఈసారి ఆపేది నేను."

రెండో రోజు సాయంత్రానికి ఎడమ ముంజేతి మీద దురద మొదలైంది. చూస్తుండగానే అరచేతిలో సగమంత మేర ఎర్రబడింది. అయిపోయింది, ఇంక ఆపరేషనే అనుకున్నాను. డాక్టరుగారు వచ్చి, జేబులోని పెన్ను తీసి, ఆ ఎరుపు చుట్టూ గీత గీశారు. "ఇది గీత దాటుతుందేమో చూద్దాం. దాటేదాకా నువ్వు ఏడవకు" అని వెళ్ళిపోయారు.

మూడు రోజులు నేను, మా ఆయన ఆ గీత చుట్టూ కాపలా కాశాం. నర్సు వచ్చినప్పుడల్లా చెయ్యి చాపడమే నా పని. స్నానానికి గీత చెరిగిపోతే మా ఆయన సరిగ్గా అదే చోట మళ్ళీ గీసేవారు. అబద్ధం చెప్పినందుకు ఆయనకి నా మీద కోపం పోలేదు. మాట్లాడేవారు కాదు, గీత మాత్రం శ్రద్ధగా గీసేవారు. నాలుగో రోజు పొద్దున్న చూస్తే ఎరుపు గీతకి లోపలే ఉంది, రంగు కూడా వెలిసింది. "లోపలే ఉంది పద్మా" అన్నారాయన. ఆసుపత్రిలో చేరాక నాతో మాట్లాడిన మొదటి మాట అది. ఆ నిమిషంలో కలిగినంత నెమ్మది నాకు పెళ్ళయ్యాక ఎప్పుడూ కలగలేదు.

పది రోజులకి దురద పూర్తిగా పోయింది. సెట్రిజిన్ కొన్నాళ్ళు వాడి, ఆవిడ చెప్పినప్పుడు ఆపాను. నెల తిరిగేసరికి రక్తపరీక్షలో అంకెలు దిగడం మొదలైంది.

ఆఫీసుకి తిరిగి వెళ్ళిన రోజు విజయని అడిగాను, ఆ థైరాయిడ్ ఫైలు రెండో ముక్క ఎవరు టైపు చేశారని.

"నేనే కదా. ర్యాష్ తగ్గాక యాంటీహిస్టమిన్, అదే దురద మాత్ర, ఇస్తూ అదే మందు మళ్ళీ మొదలుపెట్టారు, పేషెంట్ బాగుంది అని ఉంది. ఎందుకండీ?" అంది.

"ఏం లేదు" అన్నాను. నా సీటుకీ ఆ అమ్మాయి సీటుకీ మధ్య నడుమెత్తు చెక్క అడ్డం ఒక్కటే ఉంది.

ఆ తర్వాత వానాకాలంలో ఒకసారి గొంతు నొప్పి వచ్చింది. ఈసారి డాక్టరుగారి మాట తు.చ. తప్పలేదు. మాత్ర ఆపి, ఫోన్ చేసి, ఆ మధ్యాహ్నమే బ్లడ్ కౌంట్ చేయించుకున్నాను. కౌంట్ బాగుంది, అది మామూలు జలుబే. మర్నాడు ఆవిడ చెప్పాకే మాత్ర మళ్ళీ వేసుకున్నాను. అనవసరంగా పరీక్ష చేయించానని నాకేం బాధ కలగలేదు.

ఇప్పుడు రోజుకి ఒక్క చిన్న మాత్రకి దిగాను. ఇంకో ఎనిమిది నెలలు వాడాలి. తగ్గిన ఆరు కిలోల్లో ఐదు తిరిగొచ్చాయి. పెడల్ మీద కాలు కుదురుగా ఉంటోంది. పొట్టి చేతుల జాకెట్లు బీరువాలోంచి బయటికి తీశాను.

పోయిన నెల మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒకమ్మాయి నా దగ్గరికొచ్చింది. తనకీ ఇదే జబ్బు, ఇదే మందు. చున్నీ పక్కకి తీసి మెడ కింద దద్దుర్లు చూపించి, "అక్కా, నీకూ గిట్లనే అయిందంట కదా. మాత్ర బంద్ చెయ్యాల్నా, వద్దా? నువ్వు చెప్పినట్టే చేస్త" అంది.

నాకు తెలిసినదంతా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ అమ్మాయి దగ్గరున్న చీటీ చూసి వాళ్ళ డాక్టరు నంబరు తిప్పాను. రింగ్ అవుతుండగా రిసీవర్ తన చేతిలో పెట్టాను.

చదివేవాళ్ళకి నేను చెప్పేదీ అంతే. మందు వాడుతుంటే ఒంటి మీద ఏదైనా లేచిందా, డాక్టరుకి ఆ రోజే ఫోన్ చేయండి. ఊపిరాడకపోయినా, పెదాలు వాచినా ఫోన్ కోసం కూడా ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తండి. ఆపమంటే ఆపండి, వాడమంటే వాడండి. ఆపమన్నప్పుడు మాత్రం, "దీని బదులు ఏం వాడాలి?" అని అడగకుండా ఫోన్ పెట్టేయకండి. దద్దుర్లు అందరికీ కనబడ్డాయి కాబట్టి నేను వాటికే సిగ్గుపడి, వాటినే పోగొట్టుకున్నాను. ఆ ఐదు వారాలూ నా గుండె ఏ పాట్లు పడిందో ఎవరికీ కనబడలేదు, నాక్కూడా.