దేవుని కృప వల్ల బాగుండాను

మా అమ్మకు షుగరు. కాలి బొటనవేలికి పుండు పడి మానకపోతే నెల్లూరులో ఆపరేషన్ చేసి, మైపాడు పక్కన మా ఊరికి పంపించేశారు. "రోజూ పొద్దున ఫోనొస్తాదమ్మా. మనిషి కాదు, ఏఐ. అడిగినదానికి జవాబు చెప్తే చాలు, తేడా ఉంటే అదే కనిపెట్టి డాక్టరు గారికి చెప్పేస్తాది" అంది నర్సు. మంచిదేలే అనుకున్నాను.

గొంతు మాత్రం అచ్చం ఆడపిల్లదే. "నమస్కారమండీ, ఈ రోజు ఎలా ఉన్నారు?" అనేది. మా అమ్మ పైట సర్దుకుని మరీ, "దేవుని కృప వల్ల బాగుండానమ్మా. నువ్వు తిన్నావా?" అనేది. చర్చిలోనైనా, రొయ్యల గుంటల దగ్గరైనా, ఎవరు పలకరించినా ఆమె నోట వచ్చేది ఆ మాటే. నాన్న పోయిన రోజు కూడా అదే అంది.

"నొప్పి ఏమైనా ఉందా?"

"అంతా ఆయనే చూసుకుంటాడు తల్లీ."

"మీరు బాగున్నందుకు సంతోషమండీ."

నాకు నవ్వాగేది కాదు. "అమ్మా, అది మిషను! దానికి తిండేంది?"

"మిషనైతే మాత్రం? అంత మర్యాదగా అడిగితే నొప్పులూ రోగాలూ ఏకరువు పెడతామా పాపా?"

ఒకరోజు కట్టు దగ్గర వాసన వచ్చింది. చెయ్యి వేసి చూస్తే ఒళ్ళు కాలిపోతోంది. ఆటోలో నెల్లూరికి పరిగెత్తాం. డాక్టరు గారు కట్టు విప్పి మొహం మాడ్చుకున్నారు. "ఇంతదాకా ఏం చేస్తున్నారు? పాదం తీసేయాల్సిందే."

"మీరు రోజూ ఫోన్ చేయిస్తూనే ఉన్నారు కదండీ!"

ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పారు. అమ్మ పేరు పక్కన అన్నీ పచ్చ గుర్తులే. బాగున్నారు, బాగున్నారు, బాగున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవరి మీద అరవాలి? అది అడిగింది, ఈమె చెప్పింది, అది నమ్మింది. ఇందులో ఎవరు అబద్ధమాడారు? అమ్మా? మిషనా? ఎంత తన్నుకున్నా నా బుర్రకు అంతుపట్టలేదు. ఇప్పటికీ పట్టలేదు.

మరునాడు పొద్దున అమ్మను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. నేను బయట బెంచీ మీద కూర్చుని ఉంటే, చేతిలో ఆమె ఫోన్ మోగింది. ఆ గొంతే. ఈసారి కడిగేయాలని నోరు తెరిచాను.

"నమస్కారమండీ, ఈ రోజు ఎలా ఉన్నారు?"

మూసిన తలుపు వైపు చూశాను. "దేవుని కృప వల్ల..." అన్నాను. ఆపైన ఏడుపు తప్ప మాట రాలేదు.

"మీరు బాగున్నందుకు సంతోషమండీ" అంది ఆ గొంతు.