తిరువూరు ఎండు మాంసం, ఎండలో అద్దాల బీరువా

ఎండు మాంసం కోసం తిరువూరు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది రాస్తున్నాను. నేను మాత్రం కొనడానికి వెళ్లలేదు. అక్కడ మా చెల్లెలు సరోజిని మేక మాంసానికి ఉప్పూ పసుపూ పట్టించి, ఎండబెట్టి అమ్ముతుంది. ఏళ్ల తరబడి గుడ్డసంచుల్లో కట్టి చీకటి గదిలో ఉంచేది. నిరుడు ఆమె భర్త సాంబశివరావు, కొనేవాళ్లకు కనపడాలని, సరుకంతా పల్చటి ప్లాస్టిక్ కవర్లలో సీలు వేయించి, ఎండ పడే అద్దాల బీరువాలో పెట్టించాడు. వెలుగూ వేడీ తగిలితే కొవ్వు చెడుతుందని చెప్పాను. "పుస్తకాలు నమిలే మనిషికి మాంసం సంగతేం తెలుసు?" అని ఒక పెళ్లి భోజనాల దగ్గర పదిమంది ముందు నవ్వాడు. సరుకు పాడైందని ఈమధ్య తెలిసింది. ఆ నవ్వుకు బదులు చెప్పి రావడానికే బయలుదేరాను.

విజయవాడలో పొద్దున్నే బస్సెక్కితే మైలవరం మీదుగా ఎండ ముదరకముందే తిరువూరులో దిగవచ్చు. టికెట్టు రెండొందలు దాటదు. బస్టాండు బయటే ఆటోలుంటాయి. కొట్టు గుర్తులు చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"ఎండు మాంసానికా సార్? వద్దులెండి. మొన్న నేను కొన్నా. మా పిల్లికి పెడితే వాసన చూసి నా మొహం వంక చూసింది."

"ఏమంటుంది?"

"నువ్వే తినమంది సార్."

కొట్టు వెనక వసారాలో సరోజిని కత్తెరతో పాత కవర్లు కోస్తోంది. వేడి ఆరకుండానే సీలు వేసినట్టున్నారు, లోపలంతా చెమ్మ, ముక్కల మీద తెల్లటి బూజు. ముక్కిపోయిన నూనె కంపు. సాంబశివరావు ఆ బూజు గుడ్డతో తుడిచి, కారం పట్టించి, కొత్త కవర్లలో నింపుతున్నాడు. మధ్యాహ్నం గంపలగూడెం వైపు ఒక హాస్టలుకు పంపుతాడట.

"రండి బావగారూ, తమాషా చూడ్డానికొచ్చారా?"

"అది పిల్లలు తింటారయ్యా!"

"కారం పడ్డాక ఏం తెలుస్తుంది? వండేవాడు అడగడు. తినేవాళ్లకు అడిగే నోరు లేదు."

సరోజిని ఇంకో కవరు కోసింది. బస్సులో కూర్చుకున్న మాటలేవీ నాకు అక్కరకు రాలేదు. ఆమె చేతిలో కత్తెర లాక్కుని, నింపిన కవర్లన్నీ అడ్డంగా కోశాను. గోడవారనున్న ఫినాయిల్ తీసి, ఉన్న మాంసమంతటి మీదా గుమ్మరించాను.

"మా పొట్ట కొట్టావు కదయ్యా!" అని సాంబశివరావు మీదికొచ్చాడు. చెల్లెలు మధ్యలో నిలబడింది.

"మంచి పనే చేశావన్నయ్యా," అంది. "ఇక మా ఇంటికి రాకు."

తిరుగు బస్సులో చేతులు ఫినాయిల్ కంపు కొడుతూనే ఉన్నాయి. సాంబశివరావు నీచుడని నాకు ముందే తెలుసు, ఇప్పుడు సాక్ష్యం కూడా దొరికింది. అయినా ఆ పెళ్లిలో నవ్విన వాళ్లలో ఒక్కరికైనా ఫోన్ చేసి చెప్పాలనిపించలేదు. నెగ్గింది నేనే. నాకున్నది ఒక్క చెల్లెలు.

మీరు వెళితే ఎండలో మెరిసే పాకెట్టు ముట్టుకోకండి. విప్పించి, ముక్క వాసన చూసి తీసుకోండి. విప్పనన్న కొట్టు మెట్లు వెంటనే దిగేయండి.